పడవ యింజను తాపము – దాని నిదానము



"నిదానమే ప్రధానము" అను సామెతను మన మందఱము చిన్ననాటనుండి వినుచున్నవారమే. తొందరపడరా దని దాని కర్థము చెప్పుకొందుము. కాని వైద్యశాస్త్రమున నిదాన మను మాటకు మఱియొక యర్థము గలదు. రోగమునకు మూలమైన కారణమును, దానిని గుర్తించు విధమును నిదాన మందురు. మాధవకరుడు రచించిన వైద్యగ్రంథమునకు మాధవనిదాన మని పేరు వచ్చుట యిందువలననే. నిదానము ముందు, చికిత్స తరువాత. మా తండ్రిగారు నాకు ఇంట సంస్కృతము చెప్పునపుడు ఈ రెండర్థములను వివరించి, "ఇవి వేఱువేఱు కావమ్మా! తొందరపడువానికి రోగకారణము దొరకదు" అనెడివారు. ఆ మాట యొకనాడు పడవ యింజనునొద్ద నాకు పనికివచ్చు నని వారును ననుకొనలేదు, నేనును ననుకొనలేదు.

"ఇంజను పడవతో గృహిణులకేమి పని?" యని కొందఱు చదువరు లడుగవచ్చును. గోదావరి పాయల నడుమ లంకలలో నివసించు కుటుంబములకు పడవయే బండి. కాకినాడ, మచిలీపట్టణము, విశాఖపట్టణము రేవులనుండి సముద్రముమీదికి వేటకు బోవువారి యిండ్లకు పడవయే పొలము. ఆ పడవ యింజను చెడినపుడు అప్పు తెచ్చి బాగుచేయించుటయు, నడినీటిలో నిలిచిపోయినవారికొఱకు రేవున నిలిచి యెదురుచూచుటయు నెక్కువగా స్త్రీల పాలబడుచున్నవి. కష్టము మనదైనపుడు దాని కారణము మాత్రము మనకు దెలియనక్కఱలే దనుట న్యాయము గాదు. పడవలు లేని యూళ్ల సోదరీమణులకు గూడ నిందు గొంత ప్రయోజనము గలదు. చేలలో నీరు తోడు డీజి లింజనును, కారింజనును బాధించు తాపరోగమును నించుమించుగా నిట్టిదే.

నడిగోదావరిలో

ధవళేశ్వరము దిగువను గోదావరి చీలగా నేర్పడిన పాయలలో వసిష్ఠ యొకటి. అది అంతర్వేదియొద్ద సముద్రమున గలియును. మా యక్కగారు ఆ పాయలోని యొక లంకగ్రామమున నుందురు. బావగారు గతించి నాలుగేండ్లయినది. వారు విడిచిపోయిన యాస్తి రెండెకరముల కొబ్బరితోటయు, నొక యింజను పడవయును. ఆ పడవకు డీజి లింజను లోపలనే యడుగుభాగమున బిగింపబడి యున్నది. దానినుండి బయలుదేరిన యిరుసు, పడవ వెనుక నీటిలో మునిగి యుండు రెక్కల చక్రమును ద్రిప్పును. మా యక్కగారి కుమారుడు దానిపై కొబ్బరికాయలను, అరటిగెలలను, మనుష్యులను ఆవలి రేవునకు జేర్చుచు నిల్లు గడుపుచున్నాడు.

గడచిన వేసవి సెలవులలో మేము పిల్లలతో నక్కగారి యింటికి బోవుచుంటిమి. ఉపాధ్యాయుని భార్యకు ప్రయాణము లన్నియు వేసవిలోనే గదా! పడవలో మాతో గూడ పదునాఱుగురు. కాయల బస్తాలు వేఱు. ఆటు సమయ మగుటచే నీరు సముద్రమువైపునకు లాగుచుండెను. నదిలో సగము దూరము పోవునప్పటికి వేడిని జూపు ముల్లు ఎఱ్ఱగీత దాటెను. ఇంజనుమీది పలకల సందులనుండి కమఱువాసన వచ్చెను. మావాడు వెంటనే వేగము తగ్గించి, "పిన్నీ! పిల్లలను ముందువైపునకు దీసికొనిపొమ్ము" అని చెప్పి లంగరు వైచెను.

అంతలో నొక పెద్దాయన సాయము చేయదలచి, తుండుగుడ్డను చేతికి జుట్టుకొని, యింజనుపైనున్న నీటితొట్టి మూతను ద్రిప్పబోయెను. మావాడు కేకవైచి యాయన చేయి పట్టుకొనెను. "అది తీసినచో మీ ముఖము కాలిపోవును తాతగారూ! కూర్చుండుడు" అనెను. అరగంటసేపు ఆ యెండలో, కదలుచున్న నీటిపై, కదలని పడవలో గూర్చుంటిమి. పిల్లలకు వేడుకగనే యుండెను. నాకు మాత్రము లంగరు త్రాటిమీదినుండి చూపు మరలలేదు. పిదప మెల్లగా నడపుకొని యొడ్డు చేరితిమి.

తరువాతి పదిదినములలో మరమ్మతుదారుడు రెండుమాఱులు వచ్చెను. నీటిపంపులోని రబ్బరు చక్రమును మార్చెను. బెల్టును బిగించెను. వడపోత బుట్టను గడిగెను. థెర్మోస్టాటును దీసి క్రొత్తది వైచెను. రేవున నింజను నడిపి చూచినపుడెల్ల జల్లగనే యుండెడిది. బరువుతో నదిలోనికి బోయిన పావుగంటకు మరల ముల్లు ఎఱ్ఱగీత జేరెడిది. కడకతడు, "హెడ్డు గాస్కెట్టు పోయి యుండునమ్మా! ఇంజను పైభాగ మంతయు విప్పవలయును. ముప్పదివేలకు దక్కువ గాదు" అని చెప్పి పోయెను.

ఆ రాత్రి అక్కగారు, రాబోవు కోడలికని దాచిన బంగారు గాజులను బెట్టెనుండి దీసి, ఒడిలో బెట్టుకొని చాలసేపు కూర్చుండిరి. ఉదయమున వానిని తాకట్టు పెట్టించు మని మా వారి చేతి కిచ్చిరి. మా వారు పుచ్చుకొనక, "రెండు దినము లాగుడు వదినగారూ! ఇప్పటివఱకు మందులు మార్చితిమే కాని రోగిని బరీక్షింపలేదు" అనిరి. నాకు మా తండ్రిగారి మాట జ్ఞప్తికి వచ్చెను. మా పిల్లవాని లెక్కల పుస్తకములో మిగిలిన తెల్లకాగితములను ముందు బెట్టుకొని, మావానిని గూర్చుండబెట్టి, "ఈ యింజనులోనికి నీరు ఎచ్చటినుండి వచ్చి యెచ్చటికి బోవునో మొదటినుండి చెప్పు నాయనా" యంటిని.

నీరు నడచు త్రోవ

డీజిలు మండగా బుట్టిన శక్తిలో రమారమి మూడవవంతు మాత్రమే యిరుసును ద్రిప్పును. ఇంకొక మూడవవంతు వేడిపొగతో బోవును. మిగిలినదానిలో బెద్దభాగమును నీరు మోసికొనిపోవలయును. అది జరుగనిచో లోహము వ్యాకోచించును; నూనె పలుచనగును; కడకు లోపలి భాగములు ఒకదానినొకటి పట్టుకొని యింజను నిలిచిపోవును.

పడవ యింజనును చల్లార్చుటకు దఱచుగ గానవచ్చు పద్ధతులు రెండు. మొదటిదానిలో నదినీరే యింజను లోపలి కాలువలలో దిరిగి వెలికి బోవును. రెండవదానిలో రెండు నీళ్లుండును. లోపలినీరు శుభ్రమైనది, తుప్పు పట్టనీయని మందు గలిపినది; అది యింజనులోనే మరల మరల దిరుగుచుండును. వెలుపలినీరు నదిది గాని, సముద్రముది గాని. ఈ రెండును హీటు ఎక్స్ఛేంజరను పెట్టెలో సన్నని గొట్టముల గోడలకు ఒకటి యీవలను, ఒకటి యావలను బాఱును. మనము కాచిన పాలగిన్నెను చల్లని నీళ్లున్న పళ్లెములో నుంచుదుము గదా! పాలును నీళ్లును గలియవు. పాల వేడి మాత్రము నీళ్లకు బోవును. ఇదియు నట్టిదే. మా యక్కగారి పడవది యీ రెండవ పద్ధతి.

వెలుపలి నీటి త్రోవ యిది: పడవ యడుగున నొక రంధ్రము, దానికొక కవాటము, పిదప చెత్త నాపు వడపోత బుట్ట, పిదప నీటిపంపు, పిదప హీటు ఎక్స్ఛేంజరు, అటుపిమ్మట వెలికి. కొన్ని పడవలలో నా నీరు పొగతో గలిసి పొగగొట్టముననే వెడలును. కొన్నిట బ్రక్కనున్న వేఱు గొట్టమునుండి ధారగా బడును. మా పడవలో రెండవ విధము. పంపులోని చక్రమును ఇంపెల్ల రందురు. అది రబ్బరుతో జేసినది. పువ్వు రేకులవలె చుట్టును రెక్కలుండును. ఆ రెక్కలకు నీరే చమురు. నీరు లేక తిరిగినచో కొద్ది నిముషములలోనే, యొక్కొకప్పు డంతకంటె ముందే, రబ్బరు కాలి రెక్కలు విఱుగును.

ఈ త్రోవ తెలిసినపిదప నాకు సగము భయము పోయినది. తాపము రోగము కాదు, రోగచిహ్నము. నీరు చాలినంత రాకపోవుటయో, వచ్చినను వేడిని గ్రహింపలేకపోవుటయో, ఇంజనే తగినదానికంటె నెక్కువ వేడిని బుట్టించుటయో కారణమై యుండవలెను. ముల్లు అబద్ధమాడిననే తప్ప ఈ మూటికి వెలుపల గారణము లేదు.

మొదటి కర్తవ్యము

ముల్లు ఎఱ్ఱగీత జేరినపుడు ముందుగా వేగము తగ్గింపవలెను. వెంటనే ప్రక్కకు వంగి నీటిధార పడుచున్నదో లేదో చూడవలెను. పడుచున్నచో, ముందుకు నడపక యింజనును గొన్ని నిముషములు మెల్లగా దిరుగనిచ్చుట మంచిది. ఒక్కసారిగ నాపినచో లోపలినీరు కదలక నిలిచి, అచ్చటచ్చట మఱింత కాగును. ధార బొత్తిగా లేనిచో, లేక వేడి యింకను బెరుగుచున్నచో, ఇంజను నాపవలసినదే. కాని యాపుటకు ముందు లంగరు చేతికందునట్లుండవలెను. ఇంజను నిలిచిన పడవ సరంగు మాట వినదు. ప్రవాహము మాట వినును.

మూతను మాత్రము వేడిమీద దీయరాదు. అది లోపలినీటిని ఒత్తిడిలో నుంచుటకే యున్నది. సాధారణమైన గాలియొత్తిడిలో నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడునొద్ద మరుగును. ఒత్తిడి దానికి ఒకటిన్నర రెట్లయినచో రమారమి 111 డిగ్రీలవఱకు మరుగక నిలుచును. అట్టి నీటిమీది మూత తీసినచో ఒత్తిడి తటాలున బోయి, నీరు కుతకుతలాడి యావిరితో గూడ మీదికెగయును. ప్రెషరు కుక్కరు మూతను ఆవిరి పోకముందు దెఱువరా దని మన మెఱుగుదుము, ఇదియు నంతే. చేయి తాళగలిగినంత చల్లాఱినపిదప, మందపు గుడ్డ వైచి, కొంచెముగా ద్రిప్పి మిగిలిన యావిరిని బోనిచ్చి, యపుడు తీయవలెను. కాగియున్న యింజనులో చన్నీళ్లు గుమ్మరించినను లోహము పగులవచ్చును. ఆనాడు మావాడు తాతగారి చేయి పట్టుకొనకున్నచో నేమి జరిగెడిదో తలచుకొన్నచో నాకిప్పటికిని గుండె ఝల్లుమనును.

రోగి నడుగవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: వెలికి వచ్చు నీరెంత? తక్కువైనచో దోషము నదినీటి త్రోవలో నుండును. కవాటము సగమే తెఱవబడి యుండవచ్చును. గోదావరిలో గుఱ్ఱపుడెక్క వేళ్లు, నాచు, ప్లాస్టిక్ సంచులు రంధ్రమున కడ్డుపడుచుండును. వరదనాళ్లలో ఎఱ్ఱనీటితో వచ్చు సన్నని యిసుక యింపెల్లరును, పంపు లోపలి గోడను నొరసి యరుగదీయును. వడపోత మూతక్రింది రబ్బరు చుట్టు చినిగినచో పంపు నీటికి బదులు గాలిని బీల్చును. మూత గాజువలె పారదర్శకమైనచో లోపల బుడగలు గనబడును. పంపును ద్రిప్పు బెల్టు వదులై జాఱుచుండవచ్చును. నీరు సమృద్ధిగా బడుచుండియు నింజను కాగినచో లోపలివైపు చూడవలెను. లోపలినీరు తగ్గి యుండవచ్చును. దానిని ద్రిప్పు పంపు పనిచేయకుండవచ్చును. థెర్మోస్టాటు మూసికొని యుండవచ్చును. హీటు ఎక్స్ఛేంజరు గొట్టములకు గార పట్టి వేడిని దాటనీయకుండవచ్చును.

రెండవ ప్రశ్న: ఎప్పుడు కాగుచున్నది? బయలుదేరిన కొద్ది నిముషములకే కాగినచో నీరు బొత్తిగా రాకపోవుట, థెర్మోస్టాటు తెఱచుకొనకపోవుట మొదలైనవి తలపవలెను. మెల్లగా నడచునపుడు చల్లగానుండి వేగముమీద మాత్రము కాగినచో, త్రోవ యెచ్చటనో యిఱుకైన దనియో, బెల్టు జాఱుచున్న దనియో, నీటిలోని రెక్కల చక్రమునకు వలపోగులు చుట్టుకొని యింజనుమీద బరువు పడుచున్న దనియో యూహింపవలెను. నెలనెలకు గొంచెము గొంచెముగ హెచ్చుచున్నచో గార పట్టుచున్నదని శంకింపవలెను.

మూడవ ప్రశ్న: లోపలినీరు తగ్గుచున్నదా? వెలుపల చుక్క కాఱకుండ లోపల దఱచుగ దగ్గుచున్నచో హెడ్డు గాస్కెట్టు జ్ఞప్తికి రావలెను. అది యింజను పైభాగమునకును, క్రిందిభాగమునకును నడుమ బిగించు పలుచని పలక. అది చెడినచో నీటితొట్టిలో నెడతెగక బుడగలు లేచును. పొగగొట్టమున దెల్లని యావిరి వెడలుచునే యుండును. నీరు నూనెలో గలిసినచో నూనె పాలు పోసిన కాఫీరంగునకు మాఱును. ఈ గుర్తులలో నొక్కటియైన గనబడక ఇంజను విప్పించుట తొందరపాటు.

నాలుగవ ప్రశ్న: ముల్లు నిజము చెప్పుచున్నదా? తీగ తుప్పు పట్టినను ముల్లు తప్పు చూపును. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వచ్చినపుడు మన నుదుటియెదుట బట్టిన పరికరములను మీరెఱుగుదురు. వానికి జుట్టములైనవి యంత్రముల వేడిని గొలుచుటకు వేఱుగ నమ్మబడుచున్నవి. ముట్టుకొనకయే యే గొట్ట మెంత వేడిగా నున్నదో చెప్పును.

వంటయింటి పరీక్ష

థెర్మోస్టాటనునది లోపలినీటికి ద్వారపాలకుడు. ఇంజను చల్లగా నున్నంతవఱకు తలుపు మూసి, తగినంత కాగినపిదప తెఱచి నీటిని చల్లబడుటకు బంపును. దానిలోపల నొక మైనపు ముద్ద యుండును. వేడికి అది కరగి యుబ్బి తలుపును ద్రోయును. రెండునీళ్ల యింజనులలో నది సుమారు 80 డిగ్రీలయొద్ద తెఱచుకొనుట సాధారణము. సముద్రపునీరే నేరుగ లోపల దిరుగు నింజనులలో సుమారు 60 డిగ్రీలయొద్దనే తెఱచుకొనునది పెట్టుదురు. అంతకు మించి కాగినచో నుప్పు, సున్నము గట్టి పేరుకొనును.

మరమ్మతుదారుడు తీసివైచిన పాత థెర్మోస్టాటు మూల బడియుండెను. దానిపై 82 అని చెక్కి యున్నది. నేనొక పాత యల్యూమినియపు గిన్నెలో నీళ్లు పోసి పొయ్యిమీద బెట్టి, దానిని దారముతో అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ప్రక్కనే మా వారి పాఠశాల ఉష్ణమాపకమును బట్టుకొంటిని. ముల్లు కాదు, పాదరసము గావున నబద్ధమాడదు. 82 దాటగనే తలుపు మెల్లగా గదలినది. నీరు మరుగునప్పటికి బూర్తిగా దెఱచుకొన్నది. చల్లాఱగా మూసికొన్నది. నిరపరాధినే శిక్షించితి మన్నమాట! ఈ పరీక్షకు వాడిన గిన్నెను మరల వంటకు వాడరాదు. ఇంజనులో గలుపు చల్లదనపు మందు చాలవఱకు విషము. రుచికి దియ్యగా నుండును గావున పిల్లలకును, పశువులకును నందనీయరాదు.

దొరికిన కారణము

మా ప్రశ్నలకు వచ్చిన జవాబులను పుస్తకములో వ్రాసికొంటిమి. లోపలినీరు వారము దినములుగా నొక్క యంగుళమైన దగ్గలేదు. బుడగలు లేవు. నూనె శుభ్రముగా నున్నది. కావున గాస్కెట్టుపై నేరము నిలువలేదు. మా వారు నరసాపురమునుండి తెచ్చిన పరికరముతో జూడగా ముల్లు చెప్పునది నిజమే. మావాడు నీటిలో మునిగి చూడగా రెక్కల చక్రమునకేమియు జుట్టుకొని లేదు. ఇక మిగిలినది వెలుపలినీరు. "ధార బాగుగనే పడుచున్నది గదా పిన్నీ" యని మావాడనెను. "బాగుగ ననగా నెంత?" యని నేనడిగితిని. దానికి వానియొద్ద జవాబు లేదు, నాయొద్దను లేదు.

అందుచే పడవను రేవున రెండు మోకులతో గట్టి, ధారక్రింద బదునైదు లీటర్ల బకెట్టును బట్టితిమి. మా పెద్దపిల్ల గడియారము చూచి చెప్పెను. ఇంజను మెల్లగా దిరుగునపుడు బకెట్టు నిండుటకు 40 సెకండ్లు. వేగము హెచ్చింపగా 15 సెకండ్లు. పంపు వేగముగ దిరిగినచో నీరు హెచ్చవలసినదే. అంతవఱకు సరిగనే యున్నది. ఇంజనుమీది పలకలను మూసి, అదే వేగమున పావుగంట నడిపి మరల బట్టితిమి. 35 సెకండ్లు! ఇంజను వేగము తగ్గలేదు, నీరు తగ్గినది. క్రొత్త ఇంపెల్లరు, బిగువైన బెల్టు, శుభ్రమైన బుట్ట యుండగా నీటిని పట్టుకొనుచున్న దేది?

నేను చీరకొంగును నడుమున గట్టిగా దోపికొని, జడ ముడిచి (తిరుగుచున్న ఇంజనునొద్దకు బోవు ఆడువారు ముందుగా జేయవలసిన పని యిది), పలక యెత్తించి దూరమునుండియే టార్చిదీపము వైచి చూచితిని. వడపోత బుట్టనుండి పంపునకు బోవు నల్లని రబ్బరు గొట్టము నడుమ జదునై, పెదవులు బిగించినట్లు మూసికొని యున్నది. "వేగము తగ్గింపు" మంటిని. గొట్టము మెల్లగా గుండ్రనైనది. "హెచ్చింపు" మంటిని. మరల జదునైనది.

కోనసీమ పిల్ల లందఱు నెఱిగిన సంగతియే యిది. కొబ్బరిబొండములో బొప్పాయికాడ పెట్టి నీళ్లు త్రాగునపుడు మెల్లగా బీల్చినచో వచ్చును. ఆత్రముతో గట్టిగా బీల్చినచో కాడ చదునై నీరాగిపోవును. పంపునకు ముందున్న గొట్టమునుండి నీరు పీల్చబడును. కావున దాని గోడలో తీగచుట్టు గాని, మఱియొక గట్టి యాధారము గాని యుండవలెను. ఆ యాధారము లేని గొట్టము చల్లగా నున్నంతవఱకు నిలిచినది. ఇంజను వేడికి మెత్తబడగనే పీల్పునకు లొంగినది. వేగము తగ్గగనే మరల గుండ్రనగుచున్నది గావున ఆపి చూచినవారికెవ్వరికిని దోషము కనబడలేదు.

ఇక నొక్క మాట దాచకుండ జెప్పవలెను. సంక్రాంతికి ముందు పాతగొట్టము చినిగినపుడు మావాడు అంగడినుండియే నాకు ఫోను చేసి, "తీగచుట్టు గలది యెక్కువ వెల, లేనిది సగము వెల, ఏది కొందును పిన్నీ?" యని యడిగెను. "రెండును నీళ్లు మోయునవే గదా! సగము వెలది కొను నాయనా, పండుగ ఖర్చులున్నవి" అని పొదుపు బోధించినదానను నేనే. గొట్టమును జూచినపుడు వాడు నా ముఖము చూచెను. ఒక్క మాటయు ననలేదు. ఆ మధ్యాహ్నము నాకన్నము సహింపలేదు. పొదుపు మంచిదే, కాని వస్తువు చేయవలసిన పని తెలియక వెలను మాత్రమే చూచుట పొదుపు గాదని పదునాఱుగురిని నడినీటిలో నిలిపి నేర్చుకొంటిని.

తీగచుట్టు గల మూరెడు గొట్టమునకు వేయి రూపాయలు గాలేదు. అది బిగించి బరువుతో రెండుమాఱులు నది దాటి వచ్చినను ముల్లు తన చోటు విడువలేదు. అక్కగారు గాజులను మరల బెట్టెలో బెట్టి తాళము వైచిరి. మరమ్మతుదారునికి సంగతి చెప్పగా నతడు కొంతసేపూరకుండి, "మీరు నాకు రేవున చల్లని యింజనునే చూపితిరమ్మా! నేనును నదిలోనికి వచ్చి చూడకపోతిని" అనెను. ఆ మాట నిజము. పడవ నడపువారు చూచినది చెప్పక, బాగుచేయువారు అడుగక యుండుటవలననే సొమ్ము వ్యర్థమైనది.

మఱువరాని పనులు

వడపోత బుట్ట కడుగుటకు ముందు కవాటమును మూయవలెను, కడిగినపిదప తెఱువవలెను. తెఱచుట మఱచి ఇంజను నడిపినచో ఇంపెల్లరు కాలును. కవాటము మూసినపుడెల్ల ఇంజను తాళపుచెవిని దాని పిడికే తగిలించుట మంచి యలవాటు. కవాటము తాకక ఇంజను నడుపుట కుదరదు. ఇంపెల్లరును ఏటేట విప్పి రెక్కలు లెక్కింపవలెను. ఒక రెక్క తక్కువైనచో క్రొత్తది వైచి యూరకుండరాదు. విఱిగిన ముక్క యెచ్చటనున్నదో వెదకవలెను. అది తఱచుగ హీటు ఎక్స్ఛేంజరు ముఖముననే చిక్కుకొని యుండును. ఉప్పునీట దిరుగు నింజనులలో ననేకములకు లోపల నొక తుత్తునాగపు కడ్డీ యుండును. ఉప్పునీరు తక్కిన లోహమును దినకుండ నది తానే కరగిపోవును. సగము కరగగనే మార్చవలెను. వేసవిలో పోటుతో నుప్పునీరు పైకి వచ్చు పాయలలో దిరుగు పడవలవారును దీనిని గమనింపవలసినదే. ఒక ఇంపెల్లరు, ఒక బెల్టు, మూరెడు సరియైన గొట్టము, వానిని బిగించు పట్టీలు, పనిముట్లు పడవలో నుండవలెను. లంగరును, ఎక్కినవారందఱికి దేలెడు చొక్కాలును వీనికంటె ముందుండవలెను.

వీనియన్నిటితో బాటు ఒక పుస్తకముండవలె నని నా మనవి. మా పిల్లవాని లెక్కల పుస్తకము మరల మా యూరు రాలేదు. ఆ పడవలోనే సరంగు పీటక్రింద నున్నది. మావాడు ప్రతినెల మొదటి తేదీని బకెట్టు పట్టి, మెల్లగా నెన్ని సెకండ్లో, వేగమున నెన్ని సెకండ్లో, పావుగంట తరువాత నెన్ని సెకండ్లో వ్రాసి నాకు ఫోనులో జదివి వినిపించుచున్నాడు. మొన్నటి లెక్క 40, 15, 15.